నువ్వు పంపిన మూడు ఫొటోల గురించి

అమ్మలూ,

గురి నేర్చుకోవడానికి కొంటానంటూ నువ్వు పంపిన మూడు పిస్టళ్ల ఫొటోలూ చూశాను. ఒకటి చిన్నగా ముచ్చటగా ఉంది, ఒకటి లావు బ్యారెల్‌తో మొరటుగా ఉంది, మూడోది అచ్చం పోలీసుల నడుముకుండే పిస్టల్‌లా ఉంది. "ఏది కొనమంటావో సాయంత్రంలోగా చెప్పమ్మా" అన్నావు. ఆ సాయంత్రం దాటి మూడు రోజులైంది. ఫోన్లో చెబితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూనే ఇంకేదో పని చేసుకుంటావని తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

లైసెన్సు, ఇంట్లో దాచే పద్ధతి, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు లాంటివన్నీ నువ్వున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటాయి. షూటింగ్ క్లబ్బులో అడిగి తేల్చుకో. అవి తేలకుండా అడ్వాన్సు ఇచ్చెయ్యకు. నీ తొందర నాకు తెలియనిది కాదు.

పాయింట్ 22, అంటే సుమారు 0.22 అంగుళం మందం ఉండే చిన్న తూటా వాడే పిస్టల్ అని నువ్వే అనుకున్నావు కాబట్టి సగం గొడవ తీరింది. నేను ఆ తెలివి లేక పెద్ద కాలిబర్‌తో, అంటే ఇంకా లావు తూటాలతో మొదలుపెట్టాను. నా గుళ్లన్నీ కింద, ఎడమవైపు పడేవి. గురి చూసే సైటు సరిగా లేదని సైటు తిప్పాను, చేత్తో పట్టుకునే గ్రిప్ బాగోలేదని గ్రిప్ మార్చాను. ఒకరోజు కోచ్ నాకు చెప్పకుండా తూటాలు నింపే మ్యాగజైన్లో నాలుగో తూటాగా పేలని డమ్మీ పెట్టారు. మూడు పేలాయి. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే. కానీ పిస్టల్ మూతి మాత్రం నమస్కారం పెట్టినట్టు కిందకి వంగింది. పేలుతుందన్న భయంతో నా చెయ్యే ముందుగా దాన్ని కిందకి తోస్తోందన్నమాట. వెనక నిలబడ్డ నలుగురూ చూశారు, మీ నాన్నతో సహా. ఇప్పటికీ నేను దేనికైనా తలూపితే చాలు, "డమ్మీ పడిందా?" అంటారు.

ఆ జబ్బు వదిలించింది పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాయే. 1887 నాటి తూటా ఇది. పేరులో రైఫిల్ ఉందని కంగారుపడకు, పిస్టల్‌లో వాడేదీ అదే. బుల్లెట్ బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. చెయ్యి మీద తన్ను ఉందా లేదా అన్నట్టుంటుంది. అందుకని నీ తప్పు నీకు కనిపిస్తుంది, పిస్టల్ మీదకి నెట్టడానికి వీలుండదు.

ఈ తూటా రిమ్‌ఫైర్ రకం అన్న సంగతి నీ కోచ్ చెప్పే ఉంటారు. పెద్ద తూటాలకి అడుగున మధ్యలో ప్రైమర్ బిళ్ల ఉంటుంది, దీనికి ఉండదు. నిప్పు పుట్టించే మందు అంచు లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నలిపితే పేలుతుంది. పిన్ తగిలిన చోట మందు సరిగా లేకపోతే పేలదు. ఎంత మంచి తూటాలైనా అప్పుడప్పుడూ ఇలా మొరాయిస్తాయి, దానికి పిస్టల్‌ని తిట్టకు. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలేవీ ఉంటాయి. చప్పుడు ఎప్పటికన్నా మెత్తగా తుస్సుమంటే మాత్రం ఇంకోటి కాల్చొద్దు. బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి లోపలికి చూడాల్సిందే.

ఇక నీ ఫొటోలు.

ఆ ముచ్చటైనది అర కిలో ఉంటుందేమో. పర్సులో పట్టేలా ఉందని నీకు నచ్చింది కదూ! గురి నేర్చుకునేవాళ్లకి అదే దాని లోపం. బరువు లేని పిస్టల్ చేతి వణుకునంతా కాగితం మీదకి మోస్తుంది. పైగా అలాంటి వాటిల్లో చాలావాటికి మొదటి గుండు డబుల్ యాక్షన్, ట్రిగ్గర్ దూరంగా, బరువుగా లాగాలి. రెండో గుండు నుంచి తేలిక. ఒకే మ్యాగజైన్లో రెండు రకాల ట్రిగ్గర్లు నేర్చుకోవడం మొదట్లో నీకెందుకు? ఇంకో సంగతి, ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం దాంట్లో చాలా తక్కువ.

ఈ దూరం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎవరూ లెక్క వేసి చూడరు. రెండు సైట్ల మధ్య 200 మిల్లీమీటర్లు ఉందనుకో. ముందు సైటు, వెనక సైటు గాడి మధ్యలో కాకుండా ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉన్నప్పుడు నొక్కావు. 25 మీటర్ల దగ్గర ఆ మిల్లీమీటరు 12.5 సెంటీమీటర్లవుతుంది. నిదానంగా గురి చూసి కాల్చే ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే మధ్య వలయం మొత్తం వెడల్పే 5 సెంటీమీటర్లు! నీ గుండు నల్ల భాగం దాటి తెలుపులో పడుతుంది. సైట్ల మధ్య 125 మిల్లీమీటర్లే ఉంటే అదే తప్పు 20 సెంటీమీటర్లకి పోతుంది. అదే, సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి చెయ్యి మొత్తంగా అర సెంటీమీటరు పక్కకి జరిగితే, కాగితం మీద చిల్లు కూడా అర సెంటీమీటరే జరుగుతుంది. చెయ్యి ఊగుతోందని ఏడ్చేవాళ్లని రోజూ చూస్తాను. ఊగనీ. సైట్లు కదలకుండా చూసుకుంటే చాలు. కళ్లు ముందు సైటు మీదే ఉండాలి, టార్గెట్ మసకబారితే బారనీ.

అందుకే నా ఓటు ఆ మొరటుదానికి. అలాంటి వాటిల్లో బ్యారెల్ కదలదు, వెనక బోల్టు ఒక్కటే ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బరువు కిలో అటూ ఇటూ. రూగర్ మార్క్ 4, బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెసన్ విక్టరీ అన్నీ ఈ కోవలోవే. రూగర్ వంశం 1949 నుంచీ ఉంది. పాత తరాలవి విప్పడం ఒక ఎత్తు, మళ్లీ కూర్చడం ఒక ఎత్తు అని పేరు. 2016లో మార్క్ 4 వచ్చాక ఒక బటన్ నొక్కితే విడిపోతోంది. సెకండ్ హ్యాండ్‌లో పాతది దొరికితే వద్దనను, అమ్మేవాళ్ల ఎదురుగా నువ్వే ఒకసారి విప్పి కూర్చి చూసి తీసుకో.

మూడోది, పోలీసు పిస్టల్ లాంటిది, సరదాగా డబ్బాలు కొట్టడానికి బాగానే ఉంటుంది. ఆ ఆకారంలో పెద్ద పిస్టల్ ఉన్నవాళ్లు తక్కువ ఖర్చుతో సాధన చెయ్యడానికి కొంటారు. నీకు ఆ అవసరం లేదు.

మీ నాన్న మాత్రం రివాల్వర్ కొనమని రాయమంటున్నారు. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు: తూటా బలహీనంగా ఉన్నా రివాల్వర్ ఆగదు, పేలని తూటా వస్తే ఆ 30 సెకన్లు ఆగి మళ్లీ నొక్కితే తర్వాతది వస్తుంది, పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఎగిరి ఎవరి మీదా పడవు. నిదానంగా కాల్చేవాళ్లకి అది బంగారం. నువ్వు నిదానం మనిషివి కావు కాబట్టి ఆయన మాట ఇక్కడ రాసి వదిలేస్తున్నాను.

కొనే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. పిస్టల్ ఖాళీ అని నీ కళ్లతో చూసి, వేలుతో తడిమి, షాపువాళ్లనడిగి మూతి ప్రమాదం లేని వైపు పెట్టు. చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, హాయిగా అనిపించేలా పట్టుకో. ఇప్పుడు కళ్లు తెరువు. సైట్లు దాదాపు కుదిరి కనిపిస్తే ఆ గ్రిప్ నీ చేతికి సరిపోయింది. ప్రతిసారీ మణికట్టు తిప్పి సర్దుకోవాల్సి వస్తే అది నీది కాదు, ఎంత పేరున్నదైనా సరే. ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ఆనాలి. నీవి నా చేతుల్లాగే చిన్నవి, లావు గ్రిప్పుల జోలికి పోకు.

ట్రిగ్గర్ సంగతికొస్తే, తేలిక కన్నా శుభ్రం ముఖ్యం. నొక్కుతుంటే ఇసుకలో లాగినట్టు గరగరమనకుండా, ఒకచోట ఆగి, అక్కడి నుంచి గాజుపుల్ల విరిగినట్టు తెగాలి. ఎప్పటికైనా 25 మీటర్ల పోటీకి వెళ్తాననుకుంటే, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ట్రిగ్గర్ 1000 గ్రాములకి తగ్గకూడదు, పిస్టల్ 1400 గ్రాములు దాటకూడదు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు మించకూడదు. రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్క చూపించే సైటు, అక్కడ ఒప్పుకోరు. కాబట్టి ఇప్పుడు డాట్ పెట్టించినా, కింద మామూలు సైట్లు సర్దుకునే రకంవి ఉన్నదే తీసుకో. పార్దినీ, వాల్టర్ పోటీ పిస్టళ్ల వీడియోలు పంపి నన్ను మొహమాటపెట్టకు. వాటి సంగతి కనీసం రెండేళ్ల తర్వాత.

తూటాలు ఒకేసారి బస్తాడు కొనొద్దు. పాయింట్ 22లకి తిండి దగ్గర పేచీ ఎక్కువ. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పిస్టళ్లు రెండు తెచ్చినా, ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చదు. ఐదారు రకాలు ఒక్కో పెట్టె కొని, చెయ్యి దేనిమీదైనా ఆనించి, ఒక్కో రకం పదేసి గుళ్లు వేరే వేరే కాగితాల మీద కాల్చు. కాగితం వెనక తూటా పేరు రాసుకో. స్టాండర్డ్ వెలాసిటీ అన్నవి సెకనుకి సుమారు 1070 అడుగుల వేగం, ధ్వని వేగానికి కాస్త తక్కువ. గురికి అవే బాగుంటాయి. కానీ కొన్ని పిస్టళ్లలో బోల్టుని పూర్తిగా వెనక్కి నెట్టే బలం వాటికి ఉండదు, తొడుగు మధ్యలో చిక్కుకుంటుంది. ఏది కుదిరిందో తేలాక అప్పుడు ఎక్కువ కొను.

ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ సాధన చెయ్యడానికి ముందు మాన్యువల్ చదువు. ఈ పిన్ ఉన్నదే అంచుని కొట్టడానికి కదా, తూటా లేకపోతే ఎదురుగా ఉన్న చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుని కొట్టొచ్చు. కొట్టీ కొట్టీ అక్కడ లొత్త పడితే తొడుగులు బయటికి రావు. ఈ రోజుల్లో చాలావాటిల్లో పిన్ అక్కడిదాకా వెళ్లకుండా ఆపు ఉంటుంది. మాన్యువల్‌లో ఆ మాట కనబడకపోతే స్నాప్ క్యాప్ (సాధన కోసం చేసిన నకిలీ తూటా) పెట్టుకో. తూటాలు వేరే గదిలో ఉండాలి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నా.

చిన్న తూటా కదా అని నీ స్నేహితులెవరైనా తేలిగ్గా తీసుకుంటే పెట్టె మీది హెచ్చరిక చదివించు. ఒకటిన్నర మైలు పోగలదు. డబ్బాల వెనక మట్టికట్ట ఉండాలి. రాళ్లకీ నీళ్లకీ తగిలితే బుల్లెట్ ఎటైనా లేస్తుంది. చెవులకీ కళ్లకీ రక్షణ లేకుండా ఒక్క గుండు కూడా కాల్చొద్దు. ముగించాక సబ్బుతో చేతులు కడుక్కో, సీసం ఉంటుంది. ఇంకోటి, మెడ దాకా బొత్తాలు పెట్టుకునే చొక్కా వేసుకో. ఓసారి వేడి తొడుగు నా మెడ దగ్గర జారి లోపల పడింది. చుర్రుమంది. గెంతాలనిపించింది, చేతిలో పిస్టల్ ఇంకా నిండుగానే ఉంది. వేలు తీసి, మూతి ముందుకే ఉంచి, దాన్ని బల్ల మీద పెట్టాకే గెంతాను. మచ్చ ఇంకా ఉంది, చూపిస్తాలే.

ఈ ఆదివారం క్లబ్బులో ఆ మొరటు రకం ఎవరి దగ్గరుందో అడిగి, వాళ్లని పక్కన ఉంచుకుని 50 తూటాలు కాల్చు. పిస్టల్ ఫొటోలు చాలు, ఈసారి ఆ కాగితం ఫొటో పంపు.

అమ్మ

తా.క.: మ్యాగజైన్లు మూడు కొను. ఒక్కటే ఉంటే కాల్చే టైము కన్నా నింపే టైము ఎక్కువవుతుంది, బొటనవేలు వాచిపోతుంది. అది కూడా ఈ వేలు పడి చెబుతున్నదే.