చిన్నాకి, మూడు ఆదివారాలయ్యాక

ఒరేయ్ చిన్నా,

ఎలా ఉన్నావ్ నాన్నా. ఇక్కడ మేం బానే ఉన్నాం, నాన్నగారి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, నేను చూడకుండా రసాలు లాగిస్తున్నారనుకో. మూడు ఆదివారాల్నుంచి వాట్సాప్‌లో నీ దగ్గర్నుంచి బొటనవేలు తప్ప ఇంకేం రావట్లేదు కాబట్టి మెయిల్ రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. విశేషమేం లేదు, ఊరికే.

మొన్న శనివారం మా వాకింగ్ బ్యాచ్ అంతా టీచరమ్మ గారింట్లో చేరాం. వాళ్ళ కోడలు టీవీలో సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్ అని ఏదో డాక్యుమెంటరీ పెట్టింది. పేరు విని బ్యాంకు వదినగారు షుగర్ జబ్బు గురించేమోనని పెన్నూ కాయితం కూడా తెచ్చుకున్నారు! తీరా చూస్తే రోడ్రిగెజ్ అని ఒక పాటగాడి కథ, మీ డెట్రాయిట్ మనిషేరా, అందుకే కదలకుండా చూశా. నల్లకోటు వేసుకుని గిటార్ మోసుకుంటూ మంచులో ఒక్కడే నడిచి వెళ్తుంటాడు, నాకేమో నీ బూట్లే గుర్తొచ్చాయి. అడుగు అరిగిపోయిందన్నావు, కొత్తవి కొన్నావా లేదా?

ఆయన 1970లో ఒకటి, 71లో ఒకటి రికార్డులు చేస్తే అమెరికాలో కొన్న నాథుడే లేడు. కంపెనీ వదిలేసింది. పాత ఇళ్ళు పడగొట్టే కూలిపనికి పోయాడు పాపం. అక్కడ దక్షిణాఫ్రికాలోనేమో, తెల్లవాళ్ళు నల్లవాళ్ళని వేరుచేసి పాలించిన ఆ అపార్తీడ్ రోజుల్లో, కుర్రాళ్ళంతా ఈయన పాటలే కాపీలు కొట్టుకుని వినేవాళ్ళట. గవర్నమెంటు రేడియోవాళ్ళు ఎవరూ వేయకుండా రికార్డు మీద షుగర్ మ్యాన్ అనే పాట ఉన్నచోట గీకేశారు, గీతలు కూడా చూపించారు. అంత పేరుండీ ఈయనెవరో ఏమయ్యాడో ఒక్కళ్ళకీ తెలీదు, స్టేజీ మీదే నిప్పంటించుకుని పోయాడని కొందరు, కాల్చుకున్నాడని కొందరు. మనిషేమో అప్పుడు శుభ్రంగా డెట్రాయిట్‌లో పని చేసుకుంటున్నాడు!

కబురు లేకపోతే అంతేరా, ఎవరికి తోచింది వాళ్ళు అల్లేస్తారు. మొన్న కొవ్వూరు అమ్మమ్మ ఫోన్ చేసి, వాళ్ళ మనవడు చెప్పాడట, మీ కంపెనీలో చాలామందిని తీసేశారని, అందులో నువ్వు కూడా అని. నేను నమ్మలేదులే. దివిసీమ ఉప్పెనప్పుడు మా చిన్నమావయ్య పదకొండో రోజుకి వంటవాణ్ణి మాట్లాడేసిన మనిషి ఆవిడ, ఆయనేమో తొమ్మిదో రోజున నడుచుకుంటూ వచ్చి మజ్జిగ అడిగాడు.

సరే ఎక్కడున్నా... ఆ, పాటలో డియర్‌బార్న్ అనే ఊరి పేరుంటే దాన్ని పట్టుకుని ఒక జర్నలిస్టు ఆ రికార్డు చేయించినవాళ్ళ దాకా వెళ్ళాడు. మనం బక్లావా కొన్న ఊరేగా అది? ఇంకోపక్క కేప్‌టౌన్‌లో రికార్డు షాపాయనవాళ్ళు ఈయన ఆచూకీ కోసం ఇంటర్నెట్‌లో పెడితే 1997లో పెద్దకూతురు చూసి, ఆయన మా నాన్న అని రాసింది. అక్కడ మేమంతా ఏడ్చాం, టీచరమ్మ గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని ఊరుకున్నారు. ఒక్క ముక్క రాసిందిరా ఆ పిల్ల, అంతే. 98లో ఆయన కేప్‌టౌన్ వెళ్తే వేలమంది, పాట మొదలెట్టనివ్వకుండా ఒకటే కేకలు. వచ్చిన డబ్బు అయినవాళ్ళకి పంచేసి మళ్ళీ ఆ పాత ఇంటికే. కూలిపనికి టక్సీడో, అదే పార్టీలకి వేసుకునే సూటు, వేసుకుని వచ్చేవాడని తోటి పనివాడు చెప్తాడు, బ్యాంకు వదినగారు "దానికి ఇస్త్రీ ఎవరు చేసేవారో" అన్నారు. ఆ పని చేసుకుంటూనే ఫిలాసఫీలో డిగ్రీ చేశాడట. 79లో, 81లో ఆస్ట్రేలియా వెళ్ళి కచేరీలు కూడా ఇచ్చాడట గానీ సినిమాలో ఆ మాటే ఎత్తలేదు, కథ పండదని వదిలేసుంటారు. ఆస్కారొచ్చిన సినిమా అయితే మాత్రం, నాకది నచ్చలేదు.

క్లాసు పీకుతున్నా అనుకోకు. ఉద్యోగం అన్నాక పోతుంది, వస్తుంది, అందులో తలొంచుకునేదేముంది? నాన్నగారి మిల్లు లాకౌటైనప్పుడు 11 నెలలు జాకెట్లు కుట్టి నెట్టుకొచ్చా, నువ్వప్పుడు ఎల్‌కేజీ, నీకు తెలీదు, ఫీజు ఒక్క నెల ఆగలేదు. ఆ మిషను ఇంకా అమ్మలేదు. క్రెడిట్ కార్డు మీద బతకొద్దు. రాత్రిపూట ఆ నూడుల్సు మానెయ్, కుక్కర్ పెట్టుకోడానికి ఎంతసేపు, పది నిమిషాలు. ఒక గ్లాసు బియ్యం కడిగి పడేస్తే అయిపోయే దానికి... పోన్లే. అన్నట్టు ఉద్యోగం లేకపోతే వీసాకి 60 రోజులే టైమట కదా? టీచరమ్మ గారి కోడలు అంది. ఊరికే అడుగుతున్నా.

నీ గదిలో ఏసీ సర్వీసింగ్ చేయించా. ఎండలు కదా, ఎవరైనా చుట్టాలొస్తే పనికొస్తుందని.

ఆవకాయ, కందిపొడి, నీకిష్టమని సున్నుండలు ప్యాక్ చేయించా, 4 కిలోలైంది. కొరియర్ అబ్బాయి ఎల్లుండి వస్తానన్నాడు. ఈసారి ఆఫీసు అడ్రస్ వేయనా, ఇంటిదా? ఇల్లు అదేగా? మారి ఉంటే రేపటిలోగా చెప్పు, బొటనవేలు పెట్టకు, అడ్రస్ రాయి.

అమ్మ