మాయమైన టేబుళ్లు తిరిగొచ్చాయి: విశాఖ అక్కకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా డేటా కేటలాగ్‌లో (ఏ టేబుల్‌లో ఏముందో రాసిపెట్టే జాబితాలో) కనిపించకుండా పోయిన టేబుళ్లన్నీ వివరణలతో సహా తిరిగొచ్చాయి. ఇందుకు విశాఖలో డీబీఏగా (డేటాబేస్ నిర్వాహకురాలిగా) పనిచేసే ఒక అక్కకు ఎంత రుణపడి ఉన్నామో చెప్పాలనే ఈ పోస్ట్. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆమెది మా కంపెనీ కాదు, మా పనితో ఆమెకు ఏ సంబంధమూ లేదు. అయినా ఇంటి పనులన్నీ అయ్యాక, రాత్రి పొద్దుపోయే దాకా ఫోన్‌లోనే ఉండి దారి చూపించారు.

మాది పాల సేకరణ కేంద్రాల డేటా చూసే చిన్న టీమ్. వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) బట్టి రైతుకు డబ్బు లెక్కగడతారు. పాల పరిమాణం ఒక టేబుల్‌లో లీటర్లలో ఉంటే, ఇంకో దాంట్లో కిలోల్లో ఉంటుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. ఏది ఏదో తెలియకుండా కలిపితే దెబ్బ తినేది రైతే. అందుకే ప్రతి కాలమ్‌కీ మావాళ్లు కేటలాగ్‌లో ఓపిగ్గా వివరణ రాసిపెట్టారు. ఒకరోజు పొద్దున చూస్తే ఆ టేబుళ్లలో చాలావరకు కేటలాగ్‌లో లేవు!

లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఇంజెషన్ (డేటాబేస్‌లోని టేబుళ్ల వివరాలను కేటలాగ్‌లోకి తెచ్చే పని) సక్సెస్ అనే చూపిస్తోంది. టెన్షన్ పెట్టింది అదే. ఫైర్‌వాల్, 5432 పోర్ట్, పాస్‌వర్డ్ అన్నీ బాగానే ఉన్నాయి.

అక్క ముందు ఇంజెషన్ షెడ్యూల్ ఆపించారు, కేటలాగ్ కనబడకుండా దాచిన ఎంట్రీలు పూర్తిగా చెరిగిపోకుండా. తర్వాత ఒకే మాట అడిగారు: "తమ్ముడూ, ఆ టేబుళ్లకి ఇప్పుడు ఓనర్ ఎవరు?"

అక్కడే చిక్కుముడి విడింది. మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆ టేబుళ్లను ఒక జాబ్ రోజూ రాత్రి డ్రాప్ చేసి (తీసేసి) మళ్లీ సృష్టిస్తుంది. డ్రాప్ అయితే టేబుల్‌తోపాటు దాని మీద ఇచ్చిన అనుమతులూ పోతాయి. ఇన్నాళ్లూ డీఫాల్ట్ ప్రివిలేజెస్ అనే సెట్టింగ్ ఉండటం వల్ల కొత్త టేబుల్‌కి చదివే అనుమతి దానంతటదే వచ్చేది. కానీ ఆ సెట్టింగ్ ఏ రోల్ (డేటాబేస్ యూజర్) పేరిట పెడితే ఆ రోల్ సృష్టించిన టేబుళ్లకే పనిచేస్తుంది. ఈమధ్య ఆ జాబ్‌ని వేరే రోల్ కిందికి మార్చారు, దాంతో ఆ అనుమతి రావడం ఆగిపోయింది.

కేటలాగ్ కోసం డేటాబేస్‌ని చదివే మా కనెక్టర్ టేబుళ్ల జాబితాను ఇన్ఫర్మేషన్ స్కీమా నుంచి తీసుకుంటుంది. అందులో అనుమతి ఉన్న టేబుళ్లే కనిపిస్తాయి, లేనివాటి గురించి ఎర్రర్ కూడా రాదు. దాంతో టేబుళ్లు డేటాబేస్‌లోంచే పోయాయనుకుని కేటలాగ్ వాటిని దాచేసింది. కనెక్టర్ యూజర్‌తోనే లాగిన్ అయి టేబుళ్లు లెక్కపెట్టి, ఆ సంఖ్యని, అనుమతి లేని టేబుళ్లు కూడా కనిపించే పీజీ క్లాస్‌లోని సంఖ్యతో పోల్చమన్నారు అక్క. తేడా వెంటనే తేలిపోయింది. మెటాడేటా (డేటా గురించిన వివరాల) పనిలో ఉన్నవాళ్లెవరైనా అన్నిటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పోస్ట్‌గ్రెస్ 14 నుంచి అన్ని టేబుళ్లనీ చదవనిచ్చే పీజీ రీడ్ ఆల్ డేటా అనే రోల్ ఉంది, అది ఇచ్చేస్తే ఒక్క దెబ్బకి పనైపోతుంది. అక్క వద్దన్నారు. రైతుల బ్యాంకు ఖాతాలున్న స్కీమా (టేబుళ్ల గుంపు) కూడా కనెక్టర్‌కి తెరుచుకుంటుంది కదా! మా రైతుల గురించి మాకన్నా ముందు ఆమె ఆలోచించడం నేనెప్పటికీ మరిచిపోలేను. చివరికి ఉన్న టేబుళ్లకి గ్రాంట్ సెలెక్ట్‌తో చదివే అనుమతి ఇచ్చి, ఇకపై వచ్చేవాటికి ఫర్ రోల్ అని కొత్త రోల్ పేరుతో డీఫాల్ట్ ప్రివిలేజెస్ మార్చాం. ఇంజెషన్ మళ్లీ నడపగానే వివరణలు ఒక్క అక్షరం పోకుండా వచ్చేశాయి.

ఆ అక్కని మాకు పరిచయం చేసిన మిత్రుడికి, ఆ రాత్రి మాతోపాటు మేలుకుని ఉన్న మా డీబీఏ అన్నకి కూడా చాలా థాంక్స్. ఆ రెండు సంఖ్యలనీ పోల్చే క్వెరీ ఇప్పుడు రోజూ ఇంజెషన్‌కి ముందు నడుస్తోంది, తేడా వస్తే ఇంజెషన్ ఆగిపోతుంది. ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తాను.