మావారిని మోసిన చేతులకు వందనాలు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు.

మావారు ఇంటికి వచ్చారు. కర్ర ఊతంతో వరండా దాకా నడుస్తున్నారు. తన చేత్తో తానే అన్నం కలుపుకుని తింటున్నారు. ఈ మాట కోసం ఎన్ని ఇళ్లలో మోకాళ్లూనారో నాకు కొంత తెలుసు, కొంత తెలియదు. ఫోనులో ఒక్కొక్కరికీ చెబుతూ వస్తున్నాను గానీ ప్రతిసారీ ఎవరో ఒకరు మిగిలిపోతున్నారు. అందుకే అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి. అందిన సహాయం అంత పెద్దది మరి.

సంగతి తెలియనివారి కోసం ముందు జబ్బు గురించి చెబుతాను. దసరాకు ముందు మావారికి విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి. వారం పది రోజులకు పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆటోనగర్‌లో లేత్ మిషను ముందు పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషి, ఒక సాయంత్రం కంచరపాలెంలో మా ఇంటి మెట్లెక్కలేక గోడ పట్టుకుని ఆగిపోయారు. తెల్లవారేసరికి కాళ్లు లేవలేదు. తర్వాత చేతులు, ఆపైన మింగడం, చివరికి ఊపిరి. కేజీహెచ్‌లో, అంటే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో, వెన్నులోంచి నీరు తీసి, నరాల పరీక్ష చేసి, జీబీఎస్ అన్నారు. గులియన్ బారీ సిండ్రోమ్. ఏదో ఒక ఇన్‌ఫెక్షన్‌తో పోరాడడానికి లేచిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత నరాల మీదికే తిరగబడుతుందట. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరానికీ ఒక తొడుగు ఉంటుందని, అది దెబ్బతింటే మెదడు చెప్పిన మాట కండరానికి చేరదని డాక్టరుగారు ఎంతో నిదానంగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పారు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. అంటువ్యాధి కాదు. ఈ ముక్క ప్రత్యేకించి రాస్తున్నాను, ఎందుకంటే మా గుమ్మం తొక్కడానికి జంకినవాళ్లూ ఉన్నారు. వేళకు వైద్యం అందితే ఎక్కువమంది మళ్లీ నడుస్తారు. కాళ్లలో తిమ్మిరి పైకి పాకుతూ బలం తగ్గిపోతుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా నరాల డాక్టర్లున్న ఆసుపత్రికి వెళ్లండి.

ఆయనకు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. మావారు అరవై కిలోల మనిషి. అంటే రోజుకు 24 గ్రాములు, మొత్తం 120 గ్రాములు. బయట కొనాల్సివస్తే మా ఇంట్లో ఉన్నదంతా అమ్మినా చాలేది కాదు. మాకు అది ఉచితంగా అందింది. వైద్యులకు, రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉన్న నర్సు సిస్టర్లకు, ఆ మందు నిల్వ ఉండేలా చూసినవారెవరో వారికి, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ మందు దేనితో తయారవుతుందో ఒక సిస్టరుగారు చెప్పారు. మనుషుల రక్తంలోని ప్లాస్మాతో. అదీ ఒకరిద్దరిది కాదు. వెయ్యిమందికి పైగా దాతల ప్లాస్మాను ఒకచోట చేర్చి, దానిలోంచి రోగంతో పోరాడే ప్రతిరక్షకాలను వేరుచేసి ఆ సీసాలు నింపుతారట. అది విన్న తర్వాత నేను ఆ సీసాను చూసే తీరు మారిపోయింది. ఏ ఊరివారో, ఏ భాషవారో, దేవుణ్ణి ఏ పేరున పిలిచేవారో. ఒకరోజు ఎక్కడో ఒక కుర్చీలో చెయ్యి చాచి కూర్చుని, తమ రక్తం ఎవరికి చేరుతుందో అడగకుండా ఇచ్చి లేచి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నేను చూడబోను. ఈ కృతజ్ఞతల్లో మొదటి స్థానం వాళ్లదే.

ఆ రాత్రి నా మనసంతా మార్కు సువార్త రెండో అధ్యాయమే. కపెర్నహూములో పక్షవాయువుతో ఉన్న ఒకణ్ణి నలుగురు మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి ఉండి లోపలికి పోలేక ఇంటి కప్పు విప్పి, పరుపుతో సహా దించారు. అప్పుడు యేసు వారి విశ్వాసాన్ని చూశాడని అక్కడ రాసి ఉంది. పడుకున్నవాడి విశ్వాసం మాట అక్కడ లేదు. అతను నోరు తెరిచి ఒక్క మాట అడిగినట్టు కూడా లేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న కథే, ఎన్నోసార్లు విన్నాను. కానీ నోట్లో వెంటిలేటరు గొట్టంతో, కనురెప్పలు తప్ప ఏదీ కదపలేని భర్తను అద్దంలోంచి చూస్తున్నప్పుడు ఆ మాటలో ఎంత దయ ఉందో తెలిసింది. ఆయన ప్రార్థించగల స్థితిలో లేరు. నాకూ ఆ రోజుల్లో "ప్రభువా" అన్న తర్వాత మరో మాట వచ్చేది కాదు. మాకు చేతకానిది దేవుడు మా దగ్గర అడగలేదు. మా బదులు నమ్మేవాళ్లను, మోసేవాళ్లను పంపాడు.

ఈ సంగతి పాస్టరుగారితో అంటే ఆయన మరో విషయం చెప్పారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు మన విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగులో పెట్టే పని ఇక్కడే సాగింది. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరామపూరులో అచ్చయ్యాయి. ఆ అచ్చుప్రతిని వాళ్లిద్దరూ చూడనేలేదు. నన్ను ఓదార్చడానికి పాస్టరుగారు పెద్ద ప్రసంగం చేయలేదు. ఇది చెప్పి, పాస్టరమ్మగారు కట్టి పంపిన ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టి, నేను తినేదాకా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెళ్లారు. నాకు ఆ రాత్రి కావలసిన మాటను రెండు వందల ఏళ్ల ముందే మా ఊళ్లో మా భాషలోకి తెచ్చిన ఆ ముగ్గురికీ నేను రుణపడి ఉన్నాను.

ఇక మా సంఘం యవనస్థుల గురించి. దీని గురించి ఎంత రాసినా తక్కువే.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక అసలు పని మొదలైంది. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు మీద, తుంటి మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఒంటరిగా నావల్ల అయ్యే పని కాదు. నేను ఎవరినీ పిలవలేదు. మొదటి రాత్రే ఇద్దరు పిల్లలు దుప్పట్లు చంకన పెట్టుకుని వచ్చారు. మర్నాటికి వాళ్లలో వాళ్లే వంతులు వేసుకున్నారు. ఒక అబ్బాయి పోర్టులో షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు, ఒకడు పరీక్షల పుస్తకాలు పట్టుకుని వచ్చేవాడు. వార్డులో ఎక్కువమంది ఉండకూడదు కాబట్టి ఒకరు లోపల, ఒకరు వసారాలో. తిప్పే వేళకు ఇద్దరూ వచ్చి, ఒకరు భుజం కింద, ఒకరు తుంటి కింద చేతులు వేసి, నేను తల పట్టుకుంటే, ఒక్కసారిగా తిప్పేవాళ్లం. మోకాళ్ల మధ్య దిండు పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా సర్దేవాళ్లు. ఫిజియోథెరపీ మేడంగారు చూపించినట్టు వేళ్లు, మణికట్లు, చీలమండలు ఒక్కొక్కటే మెల్లగా వంచి చాపేవాళ్లు. అర్ధరాత్రి రెండు గంటలకు ఒక కుర్రవాడు ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి పాట పాడుకుంటూ వేళ్లు కదుపుతుంటే చూశాను. ఆ వార్డులో దేవుని సన్నిధి ఉందా అని నన్నెవరైనా అడిగితే నేను ఆ కుర్రవాణ్ణి చూపిస్తాను. మావారి ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదు.

ఆ పిల్లలకూ మావారికీ ఒక పాత బంధం ఉంది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను తీరం తాకిన రోజు ఆదివారం. మా ప్రార్థన మందిరం రేకులు లేచిపోయాయి. ఊరంతా కరెంటు లేని ఆ రోజుల్లో మావారు పనిముట్ల సంచీతో పైకెక్కి రేకులు బిగించారు. ఈ కుర్రాళ్లు అప్పుడు చిన్నపిల్లలు. కింద నిలబడి బోల్టులు ఏరి అందించారు. ఇప్పుడు మీసాలు వచ్చాయి. వాళ్ల తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లల్ని చాలా బాగా పెంచారు.

స్త్రీల సమాజం వారి గుప్పెడు బియ్యం మా ఇంట్లో పొయ్యి ఆరనివ్వలేదు. వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన తీసి పెట్టే అలవాటు మా సంఘంలో ఎప్పటినుంచో ఉంది. నేనూ తీసిపెట్టేదాన్ని, అది ఎవరింటికి వెళుతుందో ఆలోచించకుండానే. ఎదురింటి పిన్నిగారు మా పిల్లలిద్దరినీ తన ఇంట్లోనే పడుకోబెట్టుకుని, తలలు దువ్వి, క్యారేజీలు కట్టి బడికి పంపారు. మావారి కోసం సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నానని నాతో చెప్పారు. పిన్నిగారూ, ఆ ప్రేమను నేను మరచిపోలేను. మావారి యజమాని సగం జీతం పంపుతూ, లేత్ మిషను దగ్గర ఆయన చోటు అలాగే ఉందని కబురు పెట్టారు. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు పండగ జాకెట్లు ఆలస్యమైనా ఒక్క మాట అనలేదు, పైగా కుట్టుకూలి ముందే చేతిలో పెట్టారు.

కొందరు చెప్పిన మాటలకు కూడా ఇక్కడే జవాబు ఇవ్వాలి. ప్రేమతోనే రాస్తున్నాను. ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందో పరిశీలించుకోమన్నారు కొందరు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా సరిగ్గా ఇదే అడిగారు, ప్రభువు ఆ ప్రశ్ననే ఒప్పుకోలేదు. మందులు ఆపి ప్రార్థన మీదే ఆధారపడమన్నవారూ ఉన్నారు. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడన్నాడు. ఆ సీసాలోని మందును నేను దేవుని చేతిలోంచే తీసుకున్నాను. దయచేసి ఇలాంటి మాట మంచం పక్కన కూర్చున్న ఏ భార్యతోనూ అనకండి, ఆ మాట విని వైద్యం మానేస్తే మనిషే దక్కడు.

మా విశ్వాసం గొప్పది కాబట్టి ఆయన లేచారని కూడా అనకండి. ఒక తల్లి కొడుకు మా పక్క మంచం మీద ఉండేవాడు, బతకలేదు. ఆ తల్లి ప్రార్థన నేను చెవులారా విన్నాను. నాకంటే ఆమె నమ్మకమే బలమైనది. ఎందుకిలా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆమెను పట్టుకుని ఏడ్చాను, అంతే. ప్రభువు కూడా తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు.

ఎప్పుడు నడుస్తారని అడిగితే డాక్టర్లు తేదీ చెప్పలేదు. నరాల తొడుగు మళ్లీ రావడానికి నెలలు పడుతుందన్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆహారంగా కురిపించిన మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు, మర్నాటికి దాచినది పురుగు పట్టింది. నేను ఆ వార్డులో బతికింది అలాగే. వచ్చే నెల ఎలా అని ఆలోచించిన రాత్రి నిద్రపట్టేది కాదు. ఈ పూట ఎవరు తిప్పుతారు, ఈ పూట ఏమి తింటాను అన్నదానికి ఎప్పుడూ జవాబు వచ్చింది. దేవుడు దగ్గరున్నాడని ఏమాత్రం అనిపించని రోజులు ఉన్నాయి. నాకు అనిపించనంత మాత్రాన ఆయన వెళ్లిపోలేదు. మొదట భుజం కొద్దిగా ఎగిరింది. కొన్ని వారాలకు బొటనవేలు. గొంతు దగ్గర పెట్టిన గొట్టం తీశాక గరగరలాడే గొంతుతో మావారు నన్ను అడిగిన మొదటి మాట, కిటికీ పక్క మంచం మీద ఉన్న అబ్బాయి గురించి: "వాడు తిన్నాడా?"

ఇంకా దారి ఉంది. పిడికిలి పూర్తిగా బిగుసుకోవడం లేదు, చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. వ్యాయామాలు సాగుతున్నాయి. మా ఇంట్లో రక్తం ఇవ్వగలిగినవాళ్లం ఇకపై ఇస్తూనే ఉండాలని నిశ్చయించుకున్నాం. నేను మొన్ననే ఇచ్చాను. ఆడవాళ్లు నాలుగు నెలలకు, మగవాళ్లు మూడు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఆరోగ్యంగా ఉండి పద్దెనిమిదేళ్లు నిండినవారు, బరువు 45 కిలోలకు తగ్గనివారు దయచేసి ఆలోచించండి. కృతజ్ఞత కూటం మందిరంలోనే పెట్టుకుంటాం, తేదీ పాస్టరుగారు ప్రకటిస్తారు. ఎదురింటి పిన్నిగారూ, మీరు ముందు వరుసలో కూర్చోవాలి.

ఆ కిటికీ పక్క అబ్బాయి పార్వతీపురం వైపు కొండమీది ఊరివాడు. అదే జబ్బు. వాడికి తోడు తండ్రి ఒక్కడే, రాత్రిళ్లు తిప్పడానికి రెండో మనిషి లేడు. మా యవనస్థులు వారంలో కొన్ని రాత్రులు వెళుతున్నారు, మిగతా రాత్రులకు మనుషులు కావాలి. వెళ్లగలిగినవారు పాస్టరుగారికి చెప్పండి. ఎలా తిప్పాలో నేను వచ్చి చూపిస్తాను.