గోడమర్రిని రావి మొక్క అనుకుని పీకేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటితోట పేజీలో గోడలకి పాకించుకునే తీగల గురించి వేశారు కదండీ, అందులో ఫైకస్ తీగకి రెండే రెండు లైన్లు ఇచ్చారు, ఏ గోడకైనా వేసుకోవచ్చు, పెద్దగా చూసుకోవాల్సిన పనే లేదు అని. అది సగం నిజమే, కానీ మిగతా సగం తెలియక మా వీధిలో ఒకరు కొత్తగా పెయింట్ వేయించిన ఇంటి ముందు గోడంతా పాడు చేసుకున్నారు, ఇంకోచోట ఏమో ఏళ్ళ తరబడి పెరిగిన తీగని ఒక్క పూటలో పీకి పారేశారు. మా ఇంటి ప్రహరీకి 2009 నుంచి ఈ తీగ ఉంది, నేను హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను, అందుకే ఉత్తరం కొంచెం పెద్దదైనా రాస్తున్నా, వీలైతే పూర్తిగా వెయ్యండి.

నర్సరీల్లో దీన్ని ఫైకస్ రెపెన్స్ అంటారు, కొందరు వాల్ క్రీపర్ అంటారు, పుస్తకాల్లో ఉండే పేరు ఫైకస్ పుమిలా, 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన పేరు. పుట్టిల్లు చైనా, జపాన్, తైవాన్, వియత్నాం వైపు. మన మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ దీనికి దగ్గర చుట్టాలే, ఫైకస్ అనే ఆ ఒక్క జాతిలోనే 800కి పైగా రకాలున్నాయి. మాది మర్రిపాలెం కాబట్టి మా ఇంట్లో ముందు నుంచీ గోడమర్రి అనే పిలుచుకుంటాం, పిల్లలకీ ఆ పేరే బాగా నోటికి వచ్చింది.

ఈ చుట్టరికమే దాని ప్రాణం మీదకి తెస్తోంది. గోడలో రావి మొలిస్తే ఇల్లు బీటలు వారుతుందని మన పెద్దవాళ్ళు చెప్పేది ముమ్మాటికీ నిజం. పక్షులు పళ్ళు తిని పిట్టగోడ మీద రెట్ట వేస్తాయి, ఆ గింజ చిన్న పగుల్లో మొలిచి వేరు లోపలికి దిగి లావెక్కి గోడని చీల్చేస్తుంది. గోడమర్రి అలా చెయ్యదండీ, అది కింద నేలలో పెరిగి గోడ పైపైన పాకుతుంది, తీగ పొడుగునా గెణుపుల దగ్గర సన్నటి వేళ్ళు వచ్చి వాటితో అతుక్కుంటుంది. ఈ అతుక్కోవడాన్ని 1860ల్లోనే డార్విన్ కూర్చుని పరిశీలించాడు, లేత వేళ్ళని గాజు పలకకి ఆనించి పెడితే ఓ వారానికి వాటి నుంచి కొంచెం జిగటగా ఉండే చిన్న చిన్న బొట్లు వచ్చాయట, అందులో రబ్బరు లాంటి పదార్థం ఉందని కూడా ఆయన రాశాడు. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు మా ప్రహరీ చూడ్డానికి వస్తామనేవారు, వచ్చేవారు కూడా. అయితే ఒకటి, గట్టి గోడని ఇది తొలవదు గానీ అప్పటికే బీటలున్న గోడైతే ఆ సందుల్లోకి కచ్చితంగా దూరుతుంది, కాబట్టి ముందు తాపీ మేస్త్రీని పిలిచి బీటలు పూడ్పించి ఆ తర్వాతే మొక్క తెచ్చుకోండి.

ఇక ఏ గోడకి వెయ్యాలి అనేదే అసలు విషయం. మొదట్లో నేను పడమటి గోడకి వేశా, వైజాగ్ ఎండ సంగతి తెలిసిందే, మధ్యాహ్నం రెండింటి నుంచి గోడ పెనంలా కాలిపోయేది, మే నెల వచ్చేసరికి లేత ఆకులన్నీ మాడి గలగల్లాడిపోయాయి, మరుసటి ఏడు మళ్ళీ వేశా, మళ్ళీ పోయింది. మూడోసారి తూర్పు ప్రహరీకి వేశాను, పొద్దుటి ఎండ మాత్రం తగిలి తర్వాత పక్కింటి మామిడిచెట్టు నీడ పడే చోటు, అక్కడ నిలబడింది. తూర్పు గానీ ఉత్తరం గానీ చూసుకోండి. గోడ గరుకుగా ఉండాలి, రంగు వెయ్యని సిమెంట్ గోడ, ఇటుక గోడ, రాతి గోడ అయితే చాలా మంచిది. నున్నటి పుట్టీ, ఎమల్షన్ పెయింట్ మీద పట్టు దొరకదు, సున్నం వేసిన గోడకైతే అతుక్కుంటుంది గానీ కొన్నాళ్ళకి సున్నం పెచ్చుతో సహా ఊడి కింద పడుతుంది. మనం ఉండే ఇంటి గోడకి మాత్రం వద్దనే నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఎప్పుడైనా తీగ తీసేయాల్సి వస్తే ఆ వేళ్ళ మచ్చలు వైర్ బ్రష్ పెట్టి రుద్దినా పూర్తిగా పోవు, పెయింట్ కూడా ఊడొస్తుంది. మా వీధి వాళ్ళకి జరిగింది ఇదే. ప్రహరీలకి, మన కొండవాలు కాలనీల్లో మట్టి జారకుండా కట్టుకునే అడ్డు గోడలకి వేసుకుంటే ఏ బాధా లేదు.

నాటేది వానలు పడ్డాక, జూన్ చివర గానీ జూలైలో గానీ. అప్పటికి కడియం నుంచి మొక్కల లారీలు కూడా బాగా వస్తాయి. గోడకి ఆనించి నాటేస్తారు చాలామంది, అది తప్పు, పునాది పక్కన సిమెంట్ పెళ్ళలు, ఇసుక తప్ప మట్టే ఉండదు, గోడకి జానెడు దూరంలో అడుగు లోతు గొయ్యి తీసి ఆ పెళ్ళలన్నీ ఏరేసి ఎర్రమట్టిలో బాగా మాగిన గత్తం, అదే పశువుల ఎరువు, కలిపి నింపి నాటాలి, మొక్కకి మొక్కకి మూడడుగులు వదిలితే చాలు. కుండీతో వచ్చిన పొడుగు తీగల్ని గోడ మీద పరిచి మేకులు కొట్టి దారాలు కట్టి తంటాలు పడకండి, ఒకసారి పట్టు వదిలిన ముదురు తీగ మళ్ళీ అతుక్కోదు, కొత్తగా వచ్చే చిగురే అతుక్కుంటుంది. అందుకని మనసు గట్టి చేసుకుని జానెడు ఉంచి మిగతాది కత్తిరించేయండి, ఆ కత్తిరించిన ముక్కల్ని పారెయ్యకుండా మూడు నాలుగు గెణుపులు ఉండేలా చూసి తడి ఇసుకలో నీడన గుచ్చితే నెల తిరిగేలోగా వేళ్ళు పోసుకుంటాయి. సాయంత్రం పూట మొక్కకి నీళ్ళు పోసేటప్పుడు గోడని కూడా కాస్త తడపండి, తడిగా ఉన్న గరుకు గోడ మీద పట్టు తొందరగా దొరుకుతుంది. మొదటి ఏడాది అసలు కదలదు, బాగోలేదని పీకెయ్యకండి, లోపల వేరు పెంచుకుంటూ ఉంటుంది, మాది రెండో ఏడు మోకాలెత్తు వచ్చింది, నాలుగో ఏటికి గోడంతా కప్పేసింది. కుండీలో పెంచేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, దీని ఆకులు పల్చన, మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండిపోతే ఆకులు కాగితంలా పెళుసెక్కిపోతాయి, అవి మళ్ళీ తేరుకోవడం కష్టం.

ఇక్కడ హుద్‌హుద్ తుపాను సంగతి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు. మర్నాడు బయటికొస్తే మన ఊళ్ళో పచ్చటి ఆకన్నది లేదు, నిలబడ్డ చెట్లు కూడా మంట పెట్టినట్టు గోధుమ రంగులో ఉన్నాయి, పక్కింటి మామిడి సగానికి విరిగి మా గేటు మీద పడింది. గోడమర్రి ఆకులన్నీ చిరిగి ఎండిపోయాయి, కానీ తీగ మాత్రం గోడని వదల్లేదు, వలలా అలాగే అంటిపెట్టుకుని ఉంది. కరెంటు లేని ఆ రోజుల్లో బావి నీళ్ళు తోడి ఇంట్లోకి తెచ్చుకుంటూ దానికి కూడా రెండు చెంబులు పోసేదాన్ని. డిసెంబర్ వచ్చేసరికి అడుగు నుంచి ఎర్రటి చిగుళ్ళు, మా వీధి మొత్తానికి కళ్ళు నిలిపి చూడ్డానికి ఆ ఒక్క గోడే ఉండేది, పొద్దున్నే పాలకి వెళ్ళేవాళ్ళు ఆగి చూసి వెళ్ళేవారు.

తర్వాత ఎప్పటికో దాని రెండో రూపం బయటపడింది, ఇది చాలామందికి తెలీదు కాబట్టి దయచేసి వెయ్యండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళంత ఆకులతో గోడకి అద్దినట్టుండే తీగ, పైకంటా ఎక్కి ముదిరాక గోడ వదిలేసి బయటికి కొమ్మలు చాస్తుంది, ఆ కొమ్మల ఆకులు మూడు నాలుగు అంగుళాలు, దళసరిగా తోలులా ఉంటాయి, రెండూ ఒకే మొక్కవంటే నమ్మరు. వాటికే అంజూరంత కాయలు కాస్తాయి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని బళ్ళో చదువుకున్నాం కదా, పాపం ఆ పురుగులు లేకపోతే ఆ జాతే ఉండదు, ఫైకస్ పూలన్నీ కాయ లోపలే పూస్తాయి, ఒక్కో రకానికి తగ్గ కందిరీగ జాతి చీమంత పురుగు లోపలికి దూరి పుప్పొడి అందిస్తేనే గింజ కడుతుంది. తైవాన్‌లో ఈ తీగలోనే ఒక రకం గింజల్ని గుడ్డలో మూటకట్టి చల్లటి నీళ్ళలో పిసుకుతారు, పొయ్యి మీద పెట్టకుండానే ఆ నీళ్ళు జెల్లీలా గడ్డకడతాయి, నిమ్మరసం పోసుకుని ఎండాకాలం తింటారు. మా గోడ మీద కాయలు మాత్రం ఎండి రాలిపోయాయి అంతే.

కాయలు ముచ్చటగా ఉన్నాయని ఆ కొమ్మల్ని వదిలేశాను, అదే నేను చేసిన పొరపాటు. ఏడాది తిరిగేసరికి అడుగు మందం పొదలా తయారై బరువుకి ఒకవైపు తీగంతా గోడ నుంచి విడిపోయి ముందుకు వాలింది. కాబట్టి బయటికి పొడుచుకొచ్చిన పెద్దాకుల కొమ్మ కనబడగానే మొదలుకంటా కొట్టేయాలి, ఏడాదికి రెండు మూడుసార్లు కత్తెర పట్టాలి, కిటికీ చెక్క మీదకి, పెంకుల మీదకి, పక్కనున్న చెట్టు మీదకి ఎక్కనివ్వకూడదు. ఆ పెద్దాకుల కొమ్మని తెచ్చి నాటినా అది గోడ పాకదు, పొదలాగే ఉండిపోతుంది, కొనేటప్పుడు చిన్నాకుల మొక్కే అడగండి. కోసినప్పుడు మర్రిలాగే పాలు కారతాయి, ఒంటికి తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి, చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పీకేశారని మొదట్లో రాశాను కదా, అది మా చెల్లెలు ఉండే అపార్ట్‌మెంట్. వెనక ప్రహరీకి తీగ ఎప్పటి నుంచో ఉంది, పెయింట్ పని మొదలెట్టినప్పుడు రావి మొక్కలు పాకేశాయి గోడ కూలిపోద్ది అని ఎవరో అన్నారు, ఎవర్నీ అడక్కుండా మొదళ్ళ మీద యాసిడ్ పోసి లాగేశారు. అందులో పిచ్చుకలు రెండు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడు అదే గోడకి ప్లాస్టిక్ పచ్చగడ్డి షీట్లు కొట్టించారు, ఎండకి అప్పుడే రంగు వెలిసిపోయి పోగులు పోగులుగా ఊడి కాలవలో పడుతున్నాయి, మధ్యాహ్నం దాని మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది, పక్కనే ఆకు ఉన్న గోడ ఎంత చల్లగా ఉంటుందో మా ఇంటికొచ్చి ఎవరైనా ముట్టుకుని చూడొచ్చు. ఊళ్ళో షాపులకి, హోటళ్ళకి ఎక్కడ చూసినా ఈ షీట్లే. అడుగు వెడల్పు నేల ఉంటే బతికే మొక్క ఉండగా ఆ ప్లాస్టిక్ ఎందుకో నాకు అర్థం కాదు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

వానలు పడకముందే మీ పేజీలో ఇంకోసారి, ఈసారి రావి మొక్క ఫొటో, గోడమర్రి చిన్నాకు ఫొటో, పెద్దాకు ఫొటో మూడూ పక్కపక్కన పెట్టి వేస్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు, ఫొటోలు కావాలంటే మా గోడవే తీసి పంపిస్తాను. జూలైలో మేం ఎలాగూ ప్రహరీ కత్తిరిస్తాం, ఆ చిన్నాకుల ముక్కల్ని ఈసారి ఇసుక ట్రేల్లో గుచ్చి, నేను చివర్లో పనిచేసిన బడికి ఇద్దామనుకుంటున్నా, వాళ్ళ ఉత్తరం వైపు గోడకి ఇప్పటిదాకా రంగు వెయ్యలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మర్రిపాలెం, విశాఖపట్నం