కొత్త బ్యాచ్‌లో మారుతున్నవి, పెట్టెపై మేము వేయించని మాట

మా ముఖ సీరానికీ రాత్రి క్రీములకూ కొత్త బ్యాచ్ సిద్ధమవుతోంది. ఈసారి నుంచి ప్రతి లేబుల్ మీద క్రియాశీల పదార్థం ఎంత శాతం ఉందో అచ్చు వేయిస్తున్నాం, సీరం సీసా పరిమాణాన్ని సగానికి తగ్గిస్తున్నాం, ఒక క్రీము తయారీని కొంతకాలం ఆపుతున్నాం. మా సరుకు తీసుకెళ్లి అమ్మే విక్రేతలు కొందరు ‘చర్మాన్ని తెల్లగా మార్చే సహజ సీరం’ అన్న మాటను పెట్టెపై వేయించమని చాలాకాలంగా అడుగుతున్నారు. ఆ మాట ఉంటే అమ్మకాలు పెరుగుతాయని వారు చెప్పేది నిజమే కావచ్చు. అయినా దాన్ని వేయించకూడదని నిర్ణయించుకున్నాం. మేము వాడే పదార్థాలు మచ్చల మీద పనిచేస్తాయే తప్ప పుట్టుకతో వచ్చిన రంగును మార్చవు. ఈ సంగతి కొన్న తర్వాత తెలియడం కంటే కొనేముందే మీకు తెలియడం మంచిది.

చర్మానికి రంగునిచ్చేది ప్రధానంగా మెలనిన్. పైచర్మం అడుగు పొరలో ఉండే మెలనోసైట్లు అనే కణాలు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి దీన్ని తయారు చేస్తాయి. ఆ తయారీని నడిపించే ఎంజైము టైరోసినేజ్. దానిలో రాగి అయాన్లు ఉంటేనే అది పనిచేస్తుంది. తయారైన మెలనిన్ చిన్న చిన్న పొట్లాలుగా చుట్టుపక్కల కణాలకు చేరుతుంది. ఎండ ఎక్కువగా తగిలినా, మొటిమ మానుతున్నా, గర్భధారణ వంటి దశల్లో హార్మోన్లు మారినా ఈ తయారీ కొన్నిచోట్ల హద్దు దాటి నల్లమచ్చగానో మంగుగానో కనిపిస్తుంది. మనుషుల రంగుల్లో తేడాకు కారణం మెలనోసైట్ల సంఖ్య కాదు. అది అందరిలోనూ దాదాపు ఒకటే. అవి ఏ రకం మెలనిన్‌ను ఎంత మోతాదులో తయారుచేసి ఎలా పంచుతాయన్నది జన్యువులు నిర్ణయిస్తాయి. అందుచేత అదనంగా పేరుకున్న రంగును పైపూత కొంతవరకు తగ్గించగలదు గానీ, జన్యువులు నిర్ణయించిన రంగు జోలికి పోలేదు. పోవలసిన అవసరమూ లేదు; ఎండ నుంచి చర్మకణాలను కాపాడే పని మెలనిన్‌దే కదా.

యాంటీఆక్సిడెంట్లకూ మచ్చలకూ సంబంధం ఏమిటని చాలామంది అడుగుతుంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఫ్రీ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులను పుట్టిస్తాయి. అవి కణాలను దెబ్బతీయడమే కాక మెలనిన్ తయారీని కూడా రెచ్చగొడతాయి. యాంటీఆక్సిడెంట్ వాటిని చల్లార్చి ఆ ప్రేరణను కొంత తగ్గిస్తుంది. విటమిన్ సి దీనితోపాటు మరో పని కూడా చేస్తుంది. మెలనిన్‌గా మారే దారిలో ఏర్పడే డోపాక్వినోన్‌ను అది మళ్లీ వెనక్కు, డోపాగా మార్చేస్తుంది. యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్న ప్రతి ఆకూ ప్రతి గింజా మచ్చలు తగ్గిస్తుందని దీని అర్థం కాదు. ద్రాక్షగింజల సారం, గ్రీన్ టీ సారం మా క్రీముల్లో ఉన్నాయి. వాటిని ఫ్రీ రాడికల్స్ కోసమే వేస్తున్నాం, మచ్చల కోసం కాదు. కొత్త లేబుల్ మీద ఈ తేడా స్పష్టంగా ఉంటుంది.

సీసా చిన్నదైంది విటమిన్ సి వల్లే. ఆ పదార్థం స్వభావం అలాంటిది. శుద్ధమైన విటమిన్ సి, అంటే ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, చర్మంలోకి ఇంకాలంటే ద్రావణం పీహెచ్ (ఆమ్లత్వాన్ని కొలిచే అంకె; ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 3.5 కన్నా తక్కువ ఉండాలి. 20 శాతం దాటించి వేసినా లోపలికి చేరేది పెరగదు, మంట మాత్రమే పెరుగుతుంది. నీటిలో కలిసిన క్షణం నుంచి గాలి, వెలుతురు, వేడి దాన్ని విరగ్గొడుతూనే ఉంటాయి. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి మొక్కల్లో ఉండే యాంటీఆక్సిడెంట్ అయిన ఫెరూలిక్ ఆమ్లం అర శాతం చేరిస్తే అది ఎక్కువకాలం నిలుస్తుందనీ, ఎండ నుంచి ఇచ్చే రక్షణ దాదాపు రెట్టింపవుతుందనీ 2005లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. మా సీరం పాళ్లు కూడా ఇవే. అయినా మూత తీసిన తర్వాత దాని ఆయుష్షు తక్కువే. తాజా సీరం నీళ్లలా ఉంటుంది, లేదా ఎండుగడ్డి రంగు లీలగా కనిపిస్తుంది. తర్వాత పసుపు పచ్చగా మారుతుంది. చివరికి డికాషన్ రంగుకు వస్తుంది. లేత పసుపు వరకు వాడుకోవచ్చు. గోధుమ రంగుకు తిరిగిన సీరంలో పనిచేసే విటమిన్ పెద్దగా మిగలదు. పైగా అది చర్మం మీద, దిండు గలీబు మీద నారింజ మరక వేయగలదు. పెద్ద సీసా కొన్నవారు చివరి భాగాన్ని ఇలాంటి స్థితిలోనే వాడుతున్నారని మాకు వచ్చే ఫోటోలను బట్టి అర్థమైంది. చిన్న సీసా అయితే రంగు మారేలోపే ఖాళీ అవుతుంది. ప్యాకింగ్ ఖర్చు మాకు పెరుగుతుంది, ఒక్కో చుక్క మీకు కాస్త ఎక్కువ ధరకు పడుతుంది. దీన్ని దాచి చెప్పడంలో అర్థం లేదు.

మరొక సంగతి. మా విటమిన్ సి పండ్ల నుంచి పిండినది కాదు. గ్లూకోజు నుంచి, కొంత పులియబెట్టే పద్ధతిలో, కొంత రసాయన ప్రక్రియలతో కర్మాగారంలో తయారవుతుంది. అణువు మాత్రం పండులో ఉండేదే. మచ్చల కోసం మా రాత్రి క్రీములో వేసే ఆల్ఫా ఆర్బుటిన్ కూడా ఎంజైముల సాయంతో తయారుచేసినదే; బేర్‌బెర్రీ అనే పొద ఆకుల్లో సహజంగా దొరికేది దాని సోదర రూపమైన బీటా ఆర్బుటిన్. ‘నూరు శాతం సహజం’ అన్న ముద్ర మా సీసాల మీద కనిపించకపోవడానికి ఇదే కారణం.

అచ్చంగా మొక్క నుంచే వచ్చేది అతిమధురం సారం. ఆ వేరులోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం టైరోసినేజ్‌ను అడ్డుకుంటుంది, చర్మం ఎర్రబడటాన్నీ కొంత తగ్గిస్తుంది. చిక్కల్లా పరిమాణం దగ్గరే వస్తుంది. ఎండిన వేరులో గ్లాబ్రిడిన్ ఒక శాతంలో చిన్న భాగమే ఉంటుంది. అది నీటిలో సరిగా కరగదు కూడా. కాబట్టి వేరును మరగబెట్టిన నీటిని క్రీములో కలిపి ‘అతిమధురం క్రీము’ అని పేరు పెట్టడం సులువే గానీ అందులో గ్లాబ్రిడిన్ ఉందని చెప్పలేం. గాఢమైన సారం ఖరీదైనది, అందుకే కల్తీకీ ఆస్కారం ఎక్కువ. ఇకపై సరఫరాదారు పంపే పరీక్షా పత్రంతో సరిపెట్టుకోకుండా, ప్రతి లాటులో గ్లాబ్రిడిన్ ఎంత ఉందో బయటి ప్రయోగశాలలో చూపించి, ఆ అంకెనే లేబుల్ మీద వేయిస్తాం. పసుపు విషయంలో మాది కొంచెం మొండి అభిప్రాయం: దానికి రంగునిచ్చే కుర్‌కుమిన్ మంచి యాంటీఆక్సిడెంటే గానీ వెలుతురుకు త్వరగా పాడవుతుంది, ముఖాన్నీ తువాలునూ పచ్చగా చేస్తుంది. దాని రంగులేని రూపమైన టెట్రాహైడ్రోకుర్‌కుమిన్ దొరుకుతున్నప్పుడు క్రీములో పసుపు రంగు ఉండటం కంటికి నచ్చడానికే తప్ప చర్మానికి కాదు.

మేము ఆపుతున్నది కోజిక్ ఆమ్లం క్రీము. 1907లో జపాన్‌లో బియ్యాన్ని పులియబెట్టే ఆస్పర్జిల్లస్ ఒరైజే బూజు నుంచి కనుగొన్న ఈ పదార్థం టైరోసినేజ్‌లోని రాగిని పట్టుకుని ఆ ఎంజైమును నిలువరిస్తుంది. పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. అయితే కొందరిలో దద్దుర్లు, దురద తెప్పిస్తుంది. డబ్బాలో గాలి తగిలి గోధుమ రంగుకు మారుతుంది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం ముఖానికీ చేతులకూ వాడే ఉత్పత్తుల్లో ఇది 1 శాతం మించకూడదు. ఆల్ఫా ఆర్బుటిన్ ముఖ క్రీముల్లో 2 శాతం, ఒంటి లోషన్లలో అర శాతం దాటకూడదు. ఈ హద్దులు సహేతుకమైనవని మా అభిప్రాయం, వాటినే పాటిస్తాం. ఇంకా గాఢంగా చేసి ఇవ్వమని అడిగేవారికి మా జవాబు ఇకముందూ ‘చేయం’ అనే ఉంటుంది. 1 శాతం కోజిక్ క్రీమును గాలి చొరబడని పంపు సీసాలో నిల్వ ఉంచి పరీక్షిస్తున్నాం.

సహజమైనదే కదా, ఎక్కువ వాడితే ఏమవుతుందని అనుకునేవారికి ఒక ఉదంతం చెప్పాలి. బిర్చ్ చెట్టు బెరడులో సహజంగా ఉండే రోడోడెండ్రాల్ అనే పదార్థంతో చేసిన ఉత్పత్తులను 2013లో జపాన్‌లో మార్కెట్ నుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. వాడినవారిలో వేలమందికి ముఖం, మెడ, చేతుల మీద తెల్లని పొడలు వచ్చాయి. టైరోసినేజ్‌ను అడ్డుకోవడానికి వేసిన పదార్థాన్ని ఆ ఎంజైమే విషంగా మార్చగా, ఆ విషం మెలనోసైట్లను దెబ్బతీసింది. నిమ్మరసం సంగతి కూడా అంతే. చర్మానికి తగని పులుపు దానిలో ఉంది. నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరానోకౌమరిన్లు ఎండతో కలిస్తే బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగులుతాయి. అందువల్ల పగటి క్రీములో సువాసన కోసం నిమ్మతైలం వేయమన్న సూచనలను అంగీకరించలేకపోతున్నాం. ఇక వారంలో ముఖం తెల్లబడిందని చూపించే పేరులేని క్రీముల్లో పాదరసం గానీ బలమైన స్టెరాయిడ్ గానీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. పాదరసం మూత్రపిండాలను పాడుచేస్తుంది. పాదరసంపై 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం అలాంటి క్రీములనూ అడ్డుకుంటోంది. అటువంటి క్రీముతో మా సీరాన్ని పోల్చి ‘మీది ఆలస్యం’ అంటే, అవును, మాది ఆలస్యమే.

ఎంత ఆలస్యం అంటే, చర్మం పైపొర కొత్తదై రావడానికే సుమారు నాలుగు వారాలు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. మొటిమలు మిగిల్చిన పైపై మచ్చల్లో తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. మంగు మరీ మొండిది. తగ్గినట్టే తగ్గి ఎండలో తిరగగానే మళ్లీ వస్తుంది. లోతుగా, నీలం కలిసిన బూడిద రంగులో కనిపించే మచ్చలకు ఏ పైపూతా పెద్దగా పనిచేయదు. వాటికి చర్మవైద్యులను కలవడమే దారి. పగటిపూట సన్‌స్క్రీన్ వేసుకోని పక్షంలో మా సీరం కొనవద్దని నేరుగానే చెబుతున్నాం, ఎందుకంటే రాత్రి తగ్గినదంతా మర్నాటి ఎండ తిరిగి తెస్తుంది. చామనఛాయ, ముదురు రంగు చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ అక్కడ మామూలు దానికన్నా మేలు. అది మేము తయారు చేయడం లేదు, బయట కొనుక్కోండి.

మొదటిసారి వాడేవారు ముంజేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూశాకే ముఖానికి పూసుకోవాలి. మంట ఆగకపోతే వాడటం మానేయండి. ఆ మంటే కొత్త మచ్చకు కారణం కావచ్చు. విటమిన్ సి సీరం పొద్దున, ఆల్ఫా ఆర్బుటిన్ క్రీము రాత్రి వాడమని చెప్పడానికీ కారణం ఉంది: బాగా ఆమ్లంగా ఉన్నచోట ఆర్బుటిన్ మెల్లగా విడిపోయి, చర్మానికి ఘాటైన హైడ్రోక్వినోన్ అనే పదార్థాన్ని వదలగలదు. గర్భిణులు వైద్యులను అడగకుండా ఈ క్రీము మొదలుపెట్టవద్దు.

పాత పెద్ద సీసా మూత తీయకుండా ఉంటే తిరిగి పంపి, అదే విలువకు కొత్త చిన్న సీసాలు తీసుకోవచ్చు. మూత తీసినది లేత పసుపు దాటకపోతే చల్లని చీకటి చోట ఉంచి ముందుగా దాన్నే పూర్తి చేయండి. గోధుమ రంగుకు వచ్చి ఉంటే ఫోటో పంపండి, కొన్న తేదీ చూసి ఏమి చేయగలమో చెబుతాం. కోజిక్ క్రీముకు ముందే సొమ్ము చెల్లించినవారికి ఆ మొత్తం ఈ నెలలోనే తిరిగి జమ అవుతుంది.