పౌండుకి 320 పప్పులు

పలాస-కాశీబుగ్గ,
ఫిబ్రవరి 9

ఒరే బావా,

ఐఐఎం ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని చెప్పగానే నువ్వు ఫోన్లో అరిచిన అరుపుకి పక్కనున్న అమ్మ కూడా నవ్వేసింది. తేదీ 22, సెంటరు హైదరాబాదే. అన్నీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

క్యాట్ రాతపరీక్ష అయిపోయింది కదా, సగం గండం గడిచిందనుకున్నాను. మొన్న విశాఖలో ఒక కోచింగ్ సెంటర్లో మాక్ ఇంటర్వ్యూకి వెళ్తే అసలు సంగతి తెలిసింది. 'మీ గురించి చెప్పండి' అన్నారు. రెండు వారాలు అద్దం ముందు చెప్పుకున్నదే కాబట్టి గడగడా చెప్పేశాను. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి ఎందుకెళ్లారంటే దానికీ జవాబుంది. రెపో రేటు, బడ్జెట్, అవీ దాటాను. చివర్లో ఒక మేడం, "మీది పలాస కదా, డబ్ల్యూ 320 అంటే ఏంటి?" అని అడిగారు. మంచి రకం జీడిపప్పండీ అన్నాను. "మరి ఆ 320 ఏంటి?" అన్నారు. నోట మాట రాలేదురా. మా అమ్మ పన్నెండేళ్లుగా జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. నా బీటెక్ ఫీజులు ఆ కూలి డబ్బులతోనే కట్టాం. తిరుగు బస్సులో టెక్కలి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

మర్నాడు అమ్మతో పాటు నేనూ బయల్దేరాను. "ఏటిరా, ఇన్నేళ్లకి గుర్తొచ్చిందేటి?" అంది గానీ, దారి పొడుగునా కనిపించిన వాళ్లందరికీ మా అబ్బాయి వస్తున్నాడని చెప్పుకుంటూనే ఉంది. నాలుగు రోజులు వెళ్లాను. జీడిపిక్కల్ని ముందు బాయిలర్ ఆవిరిలో ఉడికిస్తారు, తర్వాత ఆరబెట్టి కోస్తారు. అమ్మ చేతులకి ఆముదం రాసుకుని కూర్చుంటుంది. ఒక చేత్తో పిక్కని కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, చీలిన పెంకులోంచి పప్పుని సూదిమొనతో పైకి లేపుతుంది. పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం కాలినట్టే బొబ్బెక్కుతుంది. అమ్మ బొటనవేలు ఎందుకు అంత నల్లగా ఉంటుందో నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు బావా. నేనూ ఒక పిక్క కోశాను, పప్పు రెండు బద్దలైంది. "గుండు విరిగితే రేటు పోద్ది" అని అమ్మ దాన్ని పక్క గంపలో వేసింది. విరగని పూర్తి పప్పునే గుండు అంటారు.

320 లెక్క ఇదీ. ఒక పౌండుకి 300 నుంచి 320 గుండు పప్పులు తూగితే అది డబ్ల్యూ 320. డబ్ల్యూ అంటే తెల్లది అని. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, 180 అయితే మరీ పెద్దది. ఇంటికొచ్చి ఒక పౌండు, అంటే 454 గ్రాములు తూచి, మంచం మీద పోసి లెక్కపెట్టాను. 311 వచ్చాయి. చెల్లి నమ్మక మళ్లీ లెక్కపెట్టింది, 311 ఏ.

ఫ్యాక్టరీ యజమాని చెప్పింది మాత్రం ఏ పుస్తకంలోనూ అంత బాగా అర్థం కాలేదు. పిక్కలు దిగేది వేసవిలో. ఏడాదికి సరిపడా అప్పుడే కొని గోడౌన్లో వేసుకోవాలి. డబ్బంతా బస్తాల్లో ఇరుక్కుంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది. వర్కింగ్ క్యాపిటల్ అని నేను బట్టీపట్టిన మాట అక్కడ పైకప్పు దాకా పేర్చి ఉంది. 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న దాని మీదే బేరమట. 48 పౌండ్లు, అంటే దాదాపు 22 కిలోలు దిగితే మంచి సరుకు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన పలాస చుట్టుపక్కల ఉద్దానంలో జీడి తోటలు ఎలా నేలకూలాయో నువ్వూ చూశావు కదా. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా పిక్కలు కూడా కొంటున్నారు. 'ఎంబీఏ ఎందుకు' అన్నదానికి పాత జవాబు చింపేశాను. ఇలాంటి చిన్న ఫ్యాక్టరీలు నలుగురూ కలిసి సరుకు కొనుక్కుని, తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునే దారి నేర్చుకోవాలని ఉంది. అదే చెప్తాను.

ఇంకొకటి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అడగొచ్చు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదని, పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చిందని చెప్తాను. పెద్దనాన్న డయాలసిస్ సంగతి మాత్రం ఎత్తను. మార్కుల కోసం ఆయన్ని ఆ గదిలోకి తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. నువ్వేమంటావో చెప్పు.

థర్మోడైనమిక్స్ మళ్లీ తిరగేస్తున్నాను, ఆ బాయిలర్ చూశాక కొంచెం ఉత్సాహం వచ్చింది. ఇంగ్లిష్‌లో తడబాటు ఇంకా ఉంది. ఇంటి సంగతులు ఎప్పుడూ తెలుగులోనే అనుకుంటాం కదా, వాటికే మాటలు దొరకడం లేదు. అందుకే నీ సాయం కావాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో 21 పొద్దున్న సికింద్రాబాదులో దిగుతాను. సాయంత్రం నువ్వు ఆఫీసు నుంచి రాగానే గంటసేపు నన్ను ఇంగ్లిష్‌లోనే అడుగు. మొహమాటపడకు, తెలియదంటే ఎందుకు తెలియదో కూడా అడుగు.

అమ్మ నీకని కిలో గుండు కట్టి ఉంచింది. అన్నీ తను కోసినవేనట, ఒక్క బద్ద కూడా లేదు.

నీ
పక్క బెంచీవాడు