తయారీ నేర్పిస్తున్నారు సరే, రేటు కట్టడం కూడా నేర్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మహిళలకి ఉచిత ట్రైనింగ్ అని మీ జిల్లా పేజీలో తరచుగా వార్తలు చూస్తా ఉన్నా. టైలరింగ్, పచ్చళ్ళు, జ్యూట్ బ్యాగులు, అన్నీ మంచివే. కానీ చేసిందాన్ని ఎంతకి అమ్మాలి, ఎట్టా అమ్మాలి అనేది మాత్రం నేను చూసిన చాలా ట్రైనింగుల్లో ఆఖరి రోజు సర్టిఫికెట్లు ఇచ్చేముందు అరగంటలో తేల్చేస్తున్నారు, నా బాధంతా దాని గురించే.

నేను మొదట్లో కావలిలో ఓ పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా చేశా, లైన్ అకౌంట్ డబ్బులు, అంటే అచ్చయిన వార్తల కొలతని బట్టి ఇచ్చే డబ్బులు, ఇంటికి చాలక షాపులకి పాంప్లెట్లు, లోకల్ కేబుల్‌కి స్క్రోలింగులు, ఆటోలో మైకు ప్రచారానికి మాటలు రాసిచ్చేదాన్ని, తర్వాత నెల్లూర్లో ఓ మసాలాల కంపెనీకి మార్కెటింగ్ చేశా, ఇప్పుడు డ్వాక్రా గ్రూపులకి చిన్న వ్యాపారం గురించి క్లాసులు చెప్తున్నా. హెడ్డింగులు పెట్టిన అలవాటు సీసా మీద లేబుల్ రాయించేటప్పుడు పనికొస్తోంది, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో షాపు షాపు తిరిగి ఆర్డర్లు పట్టాను కాబట్టి బేరం ఎక్కడ మొదలవుద్దో చెప్పగలుగుతున్నా.

క్లాసులో ముందు అడిగేది పచ్చడి ఎంతకి అమ్ముతున్నావమ్మా అని. "పక్క వీధిలో ఆమె ఎంతకిస్తే నేనూ అంతేనక్కా" అంటారు. కాయలు, నూనె, కారం లెక్కేస్తారు, గ్యాసు, సీసా, స్టిక్కర్, ఆటో ఛార్జీ మర్చిపోతారు, వాళ్ళ కూలి అయితే అస్సలు లెక్కలోకే రాదు. ఇంకోటి, 100 ఖర్చయితే పాతిక లాభమేసుకుని 125 పెడతారు, షాపాయన ఎంఆర్‌పీ మీద 20 శాతం కమీషన్ అడిగితే సరే అంటారు, 125లో 20 శాతం అంటే ఆ పాతికే కదా, ఇంక మిగిలిందేంది? బోర్డు మీద ఈ లెక్క వేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మన జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఉంది, అంత పేరున్న సరుక్కి కూడా అది యాడ చేశారో, ఏం చెక్కో, ఎట్టా కడగాలో చెప్పే చిన్న చీటీ లేకపోతే పక్కనున్న మామూలు గరిటె రేటే అడుగుతారు. ఆ చీటీ రాయడం ఎవరు నేర్పాలి?

చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు, అది తెలియక డబ్బులు కట్టినోళ్ళని చూశా. చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న తయారీదారుల దగ్గర సరుకు కొన్నోళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటించకుండా డబ్బులివ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే, ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి, ఈ ముక్క తెలిస్తే అరువు వసూలుకి పోయిన మనిషి గట్టిగా అడగ్గలదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ట్రైనింగులు పెట్టే అధికారుల్ని అడిగేది, ప్రతి బ్యాచ్‌లో కనీసం రెండు రోజులు రేటు, లేబుల్, వసూళ్ళకి ఇవ్వండి, షాపు నడిపినోళ్ళని పిలిచి వాళ్ళకి గౌరవంగా డబ్బులిచ్చి చెప్పించండి, ఒక రోజు బజార్లో నిలబెట్టి అమ్మించండి. మీరు కూడా జిల్లా పేజీలో వారానికో లెక్క వేసే చోటిస్తే డబ్బులేం వద్దు, నేను రాసి పంపిస్తా.

ఇట్లు,
మీ పాఠకురాలు, కావలి